గీతలావిడా, పదిహేడో నంబరు బావీ

మా ఆఫీసులో ఆవిడను అందరూ గీతలావిడ అంటారు. ఎదురుగా కాదు, చాటుగా. ఎదురుపడితే మిగతావాళ్ళు మేడం అంటారు, నేను అక్కా అంటాను. ఈ పేరు సంగతి ఆవిడకు తెలియకపోలేదు. ఒకసారి నేనే నోరు జారితే నవ్వేసి, "గీతలు గీసేదాన్ని గీతలావిడ అనక గిన్నెలావిడ అంటారేంటే?" అంది.

మాది భూగర్భ జలాల కొలతల ఆఫీసు. ఊరి చుట్టుపక్కల నలభై ఒక్క బావులున్నాయి. ఒక్కో బావికి ఒక్కో మనిషి. రోజూ పొద్దున్నే టేపు దింపి, నీళ్ళు ఎన్ని మీటర్ల లోతున ఉన్నాయో రిజిస్టరులో రాస్తారు. ఆ రిజిస్టర్లు మా దగ్గరికొస్తే నేను కంప్యూటర్లో టైపు చేస్తాను. టైపులో నాకు ఒకటే పట్టింపు, కాగితం మీద ఏముంటే అదే కొట్టాలి. ఎవరేం రాసినా దిద్దే పని నాది కాదు. నేను కొట్టినదాన్ని ఆవిడ గీతలుగా మారుస్తుంది. ఏ బావిలో నీళ్ళు ఏ నెలలో పైకొచ్చాయో, ఎప్పుడు కిందికి పోయాయో ఆ గీత చూస్తే చిన్నపిల్లలకైనా అర్థమవుతుంది.

గీతలావిడ ఇరవయ్యేళ్ళకు ఇక్కడ ట్రేసరుగా చేరింది. అప్పట్లో గీతలన్నీ చేత్తోనే. పల్చటి కాగితం, సిరా కలం, ఏటవాలు బల్ల. ఆ గదికి ఉత్తరం వైపు పెద్ద పెద్ద అద్దాల కిటికీలు ఉన్నాయి, ఎండ లోపలికి రాదు కానీ వెలుగు మాత్రం సాయంత్రం దాకా ఒకేలా ఉంటుంది. ఆ వెలుగులో పాతికేళ్ళు కూచుని కూచుని ఆవిడకు ఒక రకమైన పరధ్యానం అబ్బింది. కళ్ళు తెరిచే ఉంటాయి, మనిషి మాత్రం ఇక్కడ ఉండదు. పిలిస్తే మూడో పిలుపుకు పలుకుతుంది. వాళ్ళాయన బస్సు డ్రైవరు. "మా ఆవిడ నా బస్సే ఎక్కుతుంది, నా వెనక సీట్లోనే కూచుంటుంది, తను దిగాల్సిన స్టాపు మాత్రం మర్చిపోతుంది" అని ఆయన మా అందరి ముందూ చెప్పి నవ్విస్తాడు. ఆవిడ కూడా నవ్వుతుంది, ఆ నవ్వు కూడా మూడో మాటకు గానీ రాదు.

ఆవిడకు నలభై నాలుగేళ్ళప్పుడు కంప్యూటర్లు వచ్చి ట్రేసర్ల బల్లలన్నీ స్టోరు గదికి పోయాయి. తక్కిన ట్రేసర్లు వేరే సెక్షన్లకు మారిపోయారు. ఈవిడ ఒక్కతే లైబ్రరీ నుంచి లావుపాటి పుస్తకం తెచ్చుకుని, ఆర్ అనే గణాంకాల భాషను అక్షరం అక్షరం కూడబలుక్కుని నేర్చుకుంది. రెండేళ్ళు పట్టింది. ఆ తర్వాత ఆ భాషలోనే తెర మీద ఒక చిన్న కిటికీ తయారుచేసింది. ఎడమ పక్క బావుల నంబర్లు, కింద తేదీలు జరిపే ఒక పట్టీ. నంబరు నొక్కితే ఆ బావి గీత వస్తుంది. పట్టీని జరిపితే ఇరవయ్యేళ్ళైనా కనబడతాయి, ఇరవై రోజులైనా కనబడతాయి. మొదటిసారి అది పనిచేసిన రోజు ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "చూడవే, బావులు ఊపిరి తీసుకుంటున్నాయి" అంది. నిజంగానే గీతలు ఏడాదికోసారి పైకి లేచి, కిందికి దిగుతూ అలాగే కనబడ్డాయి.

ఆ కిటికీని చూసి మా పెద్దసారు తెగ ముచ్చటపడ్డారు. పెద్దసారు మంచివారే కానీ ప్రతిదాంట్లో ఒక చెయ్యి వెయ్యకపోతే ఆయనకు అన్నం సయించదు. "ఈ పక్కన అంకెలెందుకండీ, గజిబిజిగా? తీసెయ్యండి. గీత చాలు" అన్నారు. గీతకు ఎడమ పక్కన లోతు చెప్పే అంకెలు అవి. నోట్లో నాలుక లేని మనిషి కాబట్టి గీతలావిడ తీసేసింది. అప్పటినుంచి ఏ బావి గీత అయినా కిటికీలో ఉన్న చోటికి సరిపోయేలా సాగి వచ్చేది, ఎన్ని మీటర్లో చెప్పే అంకె మాత్రం ఎక్కడా ఉండేది కాదు.

పోయిన ఎండాకాలంలో నేను పదిహేడో నంబరు బావి పాత రిజిస్టర్లన్నీ టైపు చేయడం ముగించాను. ఇరవై రెండేళ్ళవి, ఎనిమిది వేల చిల్లర కొలతలు. కిటికీలో ఆ నంబరు నొక్కేసరికి పెద్దసారు అక్కడే నిలబడి ఉన్నారు. గీత చూసి ఆయన మొహం మాడిపోయింది. వానలు పడుతున్న కొద్దీ నీళ్ళు పైపైకి వస్తున్నాయి, బాగానే ఉంది. నిండు వానాకాలంలో ఉన్నట్టుండి ఒక్క రాత్రిలో అడుక్కు పడిపోతున్నాయి. మళ్ళీ ఎండలు ముదిరే వేళకు ఒక్క రాత్రిలో పైకి ఎగిరి కూచుంటున్నాయి. ఒక ఏడాది కాదు, ఇరవై రెండేళ్ళూ అదే వరస.

"ఈ బావి కొలిచే ఆయన అసలు అక్కడికి వెళ్ళడం లేదు. ఇంట్లో కూచుని నోటికొచ్చింది రాస్తున్నాడు" అన్నారు పెద్దసారు. మర్నాడే ఉత్తరం వెళ్ళిపోయింది. మీ కొలతలు నమ్మదగినవి కావు, వచ్చే గురువారం మీటింగులో మీ బావిని జాబితాలోంచి తీసేసి, పాత లెక్కలు కొట్టివేస్తాం అని. కింద సంతకం పెద్దసారుది, పక్కన చిన్న సంతకం గీతలావిడది. పెట్టమన్నారు, పెట్టింది.

సోమవారం ఆ ఉత్తరం చేత్తో పట్టుకుని పదిహేడో నంబరు మనిషి వచ్చాడు. ఆయన దర్జీ. మూతపడ్డ సబ్బుల ఫ్యాక్టరీ వెనక బావి, ఆ పక్క సందులోనే ఆయన కొట్టు. రోజూ కొట్టు తెరిచే ముందు బావి కొలిచి వెళతాడు. సన్నటి మనిషి, చొక్కా కాలరుకు రెండు సూదులు గుచ్చుకుని ఉన్నాయి. మెల్లగా మాట్లాడితే వినబడదు, ఆయనతో మాట్లాడాలంటే గొంతు పెంచాల్సిందే.

"అమ్మా, దీన్ని మూడుసార్లు చదివాను. నేను అబద్ధాలు రాశానని ఉంది" అన్నాడు.

నేనే అరిచినట్టు చెప్పాను. "బాబాయ్ గారూ, వానాకాలంలో నీళ్ళు అడుక్కి పోయినట్టు ఉంది మీ లెక్కలో."

"వానాకాలంలో నీళ్ళు అడుక్కి పోతాయని రాయడానికి నాకేమైనా మతిపోయిందా అమ్మా? చూసిందే రాశాను. బావి తీసేస్తే తీసెయ్యండి, అది మీ ఇష్టం. అబద్ధాలని మాత్రం రాయొద్దు. ఇరవై రెండేళ్ళు పొద్దున్నే లేచి అబద్ధాలు రాసేవాడు ఉంటాడా?"

ఆయన ఉత్తరాన్ని మడతల ప్రకారం మడిచి, జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. కోప్పడి ఉంటే బాగుండేది.

గీతలావిడ లేచి స్టోరులోంచి రిజిస్టరు తెచ్చింది. వానాకాలంలో ఒక రోజు తీసింది. రిజిస్టరులో 9.80. నేను టైపు చేసినదాంట్లో 9.80. కిటికీలో మాత్రం పాతాళం. పది మీటర్ల కన్నా తక్కువ లోతు అంటే నీళ్ళు బాగా పైకొచ్చినట్టు లెక్క. దర్జీ సరిగ్గానే రాశాడు, నేను సరిగ్గానే కొట్టాను, గీత తప్పు.

ఆవిడ వెళ్ళి పెద్దసారుకు చెప్పింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "ఏ రోజో ఒకటి కలిసి ఉంటుంది. నలభై బావులకు సరిగ్గా గీసే ప్రోగ్రాం ఈ ఒక్క దర్జీ మీదే పగబట్టిందా? ఎందుకు తప్పు గీస్తోందో గురువారం లోపల చూపించండి. చూపించలేకపోతే నేను సంతకం పెట్టేస్తాను" అన్నారు.

అప్పటినుంచి రెండు రోజులు ఆవిడ ఆ కిటికీ ముందే కూచుంది. పాత బొమ్మ చెరగకుండా దాని మీదే కొత్తది పడుతోందేమో అనుకుని, ప్రతిసారీ తెర తుడిచి గీయించింది. అదే గీత. తేదీల్లో రోజూ నెలా తారుమారయ్యాయేమో అనుకుని ఒక్కో తేదీ సరిచూసింది. తేదీలు బుద్ధిగా వరసలోనే ఉన్నాయి. కిటికీతో పని లేకుండా, ఆర్ లోనే నేరుగా ఆజ్ఞ రాసి గీయించింది. అదే గీత, అవే దూకుళ్ళు. మధ్యాహ్నం వేళ ఉత్తరపు వెలుగు బల్లల మీద పరుచుకుని ఉండేది, ఫ్యాను గాలికి రిజిస్టరు పేజీలు వాటంతటవే తిరిగేవి, ఆవిడ తెర వంక చూస్తూ ఉండిపోయేది. నిద్రపోతోందా, ఆలోచిస్తోందా అన్నది ఎవరికీ తెలిసేది కాదు. నేను రెండుసార్లు టీ తెచ్చి పెడితే రెండుసార్లూ చల్లారిపోయింది. నాకు ముక్కు మీదే కోపం. "దాన్ని చూస్తే అది చెబుతుందా అక్కా?" అని కసిరాను కూడా.

బుధవారం పొద్దున బస్సులో నా పక్కన కూచుని కల చెప్పింది. కలలో ఆవిడ పదిహేడో బావిలో ఉందట. బావి గోడకు మెట్లున్నాయి, ఒక్కో మెట్టు మీద లోతు రాసి ఉంది. కింద పదమూడు నుంచి ఎక్కడం మొదలుపెట్టింది. చుట్టూ నీళ్ళు, అయినా తడవడం లేదు. నీళ్ళు ఆవిడతో పాటే నెమ్మదిగా పైకి వస్తున్నాయి. పన్నెండు, పదకొండు, పది. పైన గుండ్రటి ఆకాశం దగ్గరికొచ్చింది. పదో మెట్టు మీంచి తొమ్మిది మీద కాలు పెడితే అక్కడ మెట్టు లేదు. కాలు కింద పెడితే మళ్ళీ బావి అడుగున ఉంది.

"భయమేసిందా?" అన్నాను.

"లేదే. ఎక్కడికి పోయిందా అనుకున్నాను, ఆ తొమ్మిది" అంది. అని, బస్సు కిటికీలోంచి బయటికి చూస్తూ ఉంది. తర్వాత ఉన్నట్టుండి నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. "ప్రతి ఏడూ పది దగ్గరే పడిపోతోంది. పదికి ఒక్క వెంట్రుకవాసి పైకొస్తే చాలు, పడిపోతోంది." ఆ రోజు కూడా స్టాపు దాటిపోయాం. ఈసారి నేను కూడా చూసుకోలేదు.

ఆఫీసుకొచ్చి ఆవిడ మొట్టమొదట చేసిన పని, పెద్దసారు తీసేయమన్న అంకెల్ని మళ్ళీ గీత పక్కన పెట్టడం. నేను వెనక నిలబడి చూశాను. తక్కిన బావులకు ఎనిమిది, పది, పన్నెండు అని వచ్చాయి. పదిహేడో నంబరు నొక్కింది. పైన ఒకటి. అడుగున నాలుగు వందల పన్నెండు.

"అబ్బో! నాలుగు వందల పన్నెండు మీటర్ల బావి! దర్జీ టేపు ఎక్కణ్ణుంచి తెస్తున్నాడో!" అన్నాను. నవ్వాపుకోలేకపోయాను. ఆవిడ నవ్వలేదు.

మీటర్లు కావు అవి. మరి ఏమిటి? ఆవిడ ఆర్‌ని అడిగింది, ఈ వరసలో ఉన్నవి ఏమిటి అని. మా దగ్గరున్నది పాతకాలపు ఆర్. అంకెలు కావు, పేర్లు అంది. నాలుగు వందల పన్నెండు రకాల పేర్లట.

అప్పుడు ఆవిడకు మొత్తం అర్థమైంది, నాకు అర్థమయ్యేలా చెప్పింది. వరస నిండా అంకెలే ఉంటే అది అంకెలుగా చదువుకుంటుంది. ఖాళీ వదిలేసినా ఏమీ అనుకోదు. కానీ ఎక్కడో ఒక్కచోట ఒక మాట తగిలిందా, ఇక మొత్తం వరసను మాటలే అనుకుంటుంది. బడిలో హాజరుపట్టీ రాసినట్టు వాటిని అక్షరక్రమంలో నిలబెట్టి ఒక్కోదానికి ఒక్కో వరస నంబరు ఇస్తుంది. ఒకటితో మొదలయ్యేవి ముందు, కాబట్టి పది, పదకొండు, పన్నెండు ముందు నిలబడ్డాయి. తొమ్మిది వెళ్ళి అందరికన్నా వెనక నిలబడింది. ఆవిడ ప్రోగ్రాం గీసింది నీళ్ళ లోతు కాదు, ఆ వరస నంబర్లు.

"అయితే ఎక్కడో ఒక మాట ఉండాలి కదా" అన్నాను. అంటుంటేనే గుర్తొచ్చింది. కాగితం మీద ఏముంటే అది కొట్టింది నేను.

ఆవిడ ఆ నాలుగు వందల పన్నెండు పేర్లనూ వరసగా తెర మీదికి తెప్పించింది. అన్నీ అంకెలే. ఆఖరిది, నాలుగు వందల పన్నెండోది, ఒక మాట.

చూడలేదు.

ఎనిమిదేళ్ళ కిందట ఒక నెలలో, వరసగా ఆరు రోజులు. రిజిస్టరు తీసి చూశాం. నీలం సిరాతో, ఆరు గడుల్లోనూ, ఒక్కో అక్షరం విడివిడిగా రాసి ఉంది. నేను టైపు చేసిన సంగతి కూడా నాకు గుర్తులేదు. గీతలో అన్నిటికన్నా లోతైన చోటు ఏమిటో అప్పుడు తెలిసింది. అది ఆ మాటే.

మాకు నలభై ఒక్క బావులున్నాయి. జ్వరాలు రాని మనుషులు, పెళ్ళిళ్ళకు ఊళ్ళు వెళ్ళని మనుషులు ఎవరూ ఉండరు. వెళ్ళలేని రోజున కొందరు గడి ఖాళీగా వదిలేస్తారు, చాలామంది నిన్నటి అంకెకు అటో ఇటో ఒకటి చేర్చి రాసేస్తారు. ఆ సంగతి ఆఫీసులో అందరికీ తెలుసు, ఎవరూ అడగరు. వాళ్ళ గీతలన్నీ నున్నగా వచ్చాయి. చూడలేదని రాసినవాడు ఒక్కడే ఉన్నాడు, వాణ్ణే మేము అబద్ధాలకోరు అన్నాం. నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

గురువారం మీటింగులో గీతలావిడ లేచి నిలబడింది. ఆవిడ మీటింగుల్లో మాట్లాడగా నేనెప్పుడూ చూడలేదు. "దర్జీగారు రాసినవన్నీ నిజాలే సార్. తప్పు నేను చేసిన కిటికీది. అంటే నాదే" అంది. ఎలా జరిగిందో చెప్పింది. అంకెలు తీసెయ్యమన్నది ఎవరో మాత్రం చెప్పలేదు. నేను ఆగలేకపోయాను.

"పక్కన అంకెలుంటే మొదటిరోజే తెలిసేది. తీసెయ్యమన్నది మీరే కద సార్" అనేశాను.

పెద్దసారు కాసేపు ఫ్యాను వంక చూశారు. ఆయనలో మంచి గుణం ఏమిటంటే తప్పు ఒప్పుకోరు గానీ, వాదించరు. "సరే, బావి ఉంచుదాం. లెక్కలూ ఉంచుదాం. ఆయనకు క్షమించమని ఉత్తరం రాయండి" అన్నారు. మళ్ళీ అలవాటు కొద్దీ ఒక చెయ్యి వేశారు. "ఆ ఆరు గడులూ మాత్రం ఏదో ఒకటి నింపి గీత కలిపెయ్యండి. పైవాళ్ళు చూస్తే గీత తెగిపోయి ఉంటే బాగోదు. ముందు రోజుది, తర్వాత రోజుది తీసుకుని మధ్యలో సర్దెయ్యండి, పోయేదేముంది?"

"చేత్తో గీసే రోజుల్లో అలా చాలా కలిపాను సార్. చెయ్యి దానంతటదే కలిపేసేది, ఎవరూ అడగలేదు" అంది ఆవిడ. "ఇది కలపను."

ఆ మాట ఆవిడ గట్టిగా అనలేదు. నిద్రలోంచి అన్నట్టే అంది. అయినా పెద్దసారు ముందున్న ఫైలు మూసేశారు.

ఆ మధ్యాహ్నమే ఆవిడ ప్రోగ్రాం సరిచేసింది. చూడలేదు అన్న మాట కనబడితే అక్కడ కొలత లేదని అర్థం చేసుకో, తక్కినవి అంకెలుగానే చదువు అని ఒక్క వాక్యం చేర్చింది. పదిహేడో బావి గీత తక్కిన బావులతో పాటే వానలకు లేచి, ఎండలకు దిగింది.

శుక్రవారం దర్జీ వచ్చాడు. క్షమాపణ ఉత్తరం ఇస్తే తీసుకుని, చదవకుండానే జేబులో పెట్టుకున్నాడు. జరిగిందంతా, గీత ఆరు రోజులు తెగి ఉన్న సంగతీ నేనే గొంతు పెంచి చెప్పాను. "గీత చూపిస్తారా అమ్మా?" అని అడిగాడు. ఇరవై రెండేళ్ళుగా రాస్తున్నాడు కానీ అది గీతయితే ఎలా ఉంటుందో ఎవరూ ఆయనకు చూపించలేదు. గీతలావిడ తన కుర్చీ ఆయనకిచ్చి, తను స్టూలు మీద కూచుంది. ఆయన తెరకు దగ్గరగా వంగి, వేలు తగలకుండా గాలిలోనే గీత వెంట వేలు నడిపించాడు. ఉత్తరపు వెలుగులో ఆయన వేలి నీడ తెర మీద పడి గీతతో పాటు లేస్తూ దిగుతూ పోయింది.

"తెగింది అన్నారు. ఎక్కడ?" అన్నాడు.

ఇరవై రెండేళ్ళ గీతలో ఆరు రోజులు కంటికి ఆనవు. ఆవిడ కింద పట్టీని జరిపింది. పదేళ్ళయింది, ఏడాదయింది, నెలయింది. గీత మధ్యలో చిన్న ఖాళీ కనబడింది.

నేను ఉండబట్టలేక గొంతు పెంచి అడిగాను. "ఆ ఆరు రోజులూ ఎందుకు వెళ్ళలేదు బాబాయ్ గారూ?"

"వెళ్ళకపోవడమేం? వెళ్ళాను. టేపు కూడా దింపాను" అన్నాడు ఆయన. "టేపు చివర గుండు నీళ్ళకి తగిలితే టప్‌మని చిన్న చప్పుడవుతుంది. అది విని టేపు ఆపాలి. నాకు చెవులు మొదట్నుంచీ అంతంతమాత్రం. నేను దింపేవాణ్ణి, మా ఆవిడ బావి మీదికి వంగి వినేది. ఆపు అనేది. ఆపి, నేను అంకె చూసేవాణ్ణి. ఆవిడ పోయింది. ఆ ఆరు రోజులూ దింపుతూనే ఉన్నాను, ఆపు అనేవాళ్ళు లేరు. ఏడో రోజుకి వేళ్ళకి తెలిసింది. గుండు నీళ్ళకి తగిలితే టేపు కాస్త తేలికవుతుంది."

"టేపు దింపారు కదా, మరి చూడలేదని రాశారేంటి?"

"చూడలేదు కదమ్మా" అన్నాడు.

ఆయన ఆ ఖాళీకి ఎడమ పక్కన, గీత ఆగిన చోటు చూపించాడు.

"ఇక్కడ ఎంత ఉందమ్మా?"

ఆవిడ అక్కడ నొక్కి చూసింది. ఆయనకు వినబడేలా, నేనెప్పుడూ విననంత గట్టిగా చెప్పింది. "పదకొండు పాయింట్ రెండు సున్నా."

"పదకొండు ఇరవై" అన్నాడు ఆయన, తనలో తను. "అది మా ఆవిడ విన్నదే."

గీతలావిడ మౌస్ మీంచి చెయ్యి తీసేసింది. ఆయన చూడటం అయ్యేదాకా మేమిద్దరం కదలకుండా కూచున్నాం.